నోళ్లకు మాటలు అతికినవాడు

ఇసాబెలీనో ఒసూనాని మా నాలుగో నంబరు మార్కెట్లో ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరూ ‘జురు’ అనేవారు. జురు అంటే మా గ్వారానీ భాషలో నోరు. పేరుకి నోరే గానీ నోట్లో నాలుక లేని మనిషి. పొద్దున కొట్టు తెరుస్తూ “ఏం సెఫెరీనక్కా” అనేవాడు, సాయంత్రం మూస్తూ “వస్తానక్కా” అనేవాడు. మధ్యలో మాటలన్నీ ఇతరుల నోళ్లలో పెట్టడానికి దాచుకునేవాడు.

నా బండి వాడి కొట్టుకి ఆనుకునే ఉండేది. తెరెరె అనే ఆకు పానీయంలో కలిపే ఆకులూ వేళ్లూ రోట్లో దంచి అమ్మడం నా పని. మా రాజధాని అసున్సియోన్ ఎండలో చల్లటి తెరెరె లేకపోతే మనిషి బతకడు. వాడిది రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసే పని. కొత్త రేడియోలు చవకైపోయి పాతవి బాగుచేయించేవాళ్లు కరువయ్యారు. వాడు ఈగలు తోలుకుంటున్న ఆ రోజుల్లో ఒక పశువుల వ్యాపారి పాత కౌబాయ్ సినిమా కాసెట్టు తెచ్చాడు. బొమ్మ వస్తోంది, శబ్దం రావడం లేదు. ఇసాబెలీనో నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టి, లాభం లేదని తేలాక, ఆ మూగ సినిమాకి తనే గ్వారానీలో మాటలు చెప్పి తిరిగిచ్చేశాడు. గుర్రం మీద వచ్చిన పోలీసు షెరీఫు తుపాకీ తీసి “మా ఆవు తప్పిపోయింది. మీ ఇంట్లోంచి జున్ను వాసన వస్తోందేం?” అని అడిగాడు. వ్యాపారి మర్నాడు పోట్లాటకి వచ్చాడనుకుని నేను రోకలి పట్టుకుని లేచాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ ఇంకో నాలుగు కాసెట్లు బల్ల మీద పెట్టాడు.

అలా మొదలైంది. మధ్యాహ్నం ఎండకి మార్కెట్టంతా కునుకు తీసే వేళ, కొట్టుకి చుట్టూ దుప్పట్లు కట్టి, మేమిద్దరం లోపల చెమటలు కక్కుతూ గొంతులు మార్చేవాళ్లం. మగవాళ్లంతా వాడే. ఆడవాళ్లంతా నేనే, రాణి అయినా, సన్యాసిని అయినా, సారా కొట్లో డాన్సు చేసే పిల్ల అయినా. ఉన్న కథని ముక్కలు చేసి, వెనకది ముందుకీ ముందుది వెనక్కీ అతికి, వేరే కథ అల్లేవాడు. మాట చెప్పే ముందు ప్రతి మూతినీ పదిసార్లు చూసి కాగితం మీద గీతలు పెట్టుకునేవాడు.

“ఇంత చాదస్తం దేనికిరా? నవ్వొస్తే చాలదూ?” అని విసుక్కునేదాన్ని.

“నోరు మూసుకున్న చోట ‘మ’ పడాలక్కా. తెరుచుకున్న చోట ‘ఆ’ పడాలి. జనం చెవితో నవ్వరు. కంటితో నవ్వుతారు.”

వాడికా విద్య వాళ్లమ్మ నేర్పింది. ఆవిడకి పుట్టు చెవుడు. మూతులు చూసి ఊరందరి గుట్టూ తెలుసుకునేది, కొడుకుకీ ఆ ఆట అలవాటు చేసింది. చర్చిలో దూరంగా నిలబడ్డవాళ్లు ఏం గుసగుసలాడుకుంటున్నారో వాడు నాకు చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

మా సినిమాలు డిస్కుల మీదకి ఎక్కి దేశమంతా తిరిగాయి. దూరపు బస్సుల్లో టీవీ పెట్టారంటే మావే. అన్నిటికన్నా బాగా ఆడింది ఆవు దొంగతనం సినిమా. అందులో ఊరి జనం ఉన్న సీను ఒకటి కావలసి వచ్చింది. మూతపడ్డ సినిమా హాలు వాళ్లు తుక్కు కింద అమ్మేసిన రీళ్ల డబ్బాలు వాడి దగ్గర ఉండేవి. వాటిలో దేశాన్నేలిన నియంత జనరల్ గారి రోజుల నాటి వార్తల రీలు ఒకటి దొరికింది. అసలు సినిమాకి ముందు హాల్లో బలవంతంగా చూపించేవారే, ఆ రకం. అందులో ఒక పల్లెటూళ్లో బావి ప్రారంభోత్సవం. నల్ల కళ్లద్దాల సైన్యాధికారి, కోరొనెల్ ఒకడు, మైకు ముందు బక్కపల్చటి రైతు ఒకడు, ఆ వెనక నెత్తిన కుండతో ఒక పడుచు.

ఇసాబెలీనో ఆ రైతు నోట్లో పెట్టిన మాటలివి: “కోరొనెల్ గారూ, బావి మీదే, నీళ్లూ మీవే, కావాలంటే నా పెళ్లాన్ని కూడా తీసుకెళ్లండి. ఆవుని మాత్రం వదిలేయండి!”

వెనక కుండ పిల్ల నోరు కాస్త తెరుచుకుంది. అక్కడ నేను కిలకిలా నవ్వి, “హమ్మయ్య, ఇవాళ్టికి వంట తప్పింది!” అన్నాను. ఆ నవ్వు చూసుకుని నేనెంత మురిసిపోయానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. మార్కెట్లో ఎవరు ఎదురుపడినా “ఏం సెఫెరీనా, వంట తప్పిందా?” అని పలకరించేవారు.

ఒక శనివారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. నల్ల బట్టలు, నెత్తిన ముసుగు, చేతిలో గుడ్డలో చుట్టిన డిస్కు.

“ఇక్కడ నోరు ఎవరు?”

“నేనే పెద్దమ్మా,” అన్నాడు ఇసాబెలీనో.

“ఇది పెట్టు. బావి దగ్గర ఆపు.”

డిస్కు పాడైందేమో అనుకుని పెట్టాడు. బావి దగ్గర ఆపాడు. ఆవిడ తెర దగ్గరికి వెళ్లి వేలు పెట్టింది.

“ఈయన అనిసేతో బెనీతెస్. నా మొగుడు. వెనక కుండెత్తుకున్నది నేను. నా పేరు ఉస్తాకియా. ఇందులో నా గొంతెవరిది?”

“నాదేనమ్మా,” అన్నాను.

ఆవిడ నన్ను కిందా పైనా చూసింది. కేకలేస్తే బాగుండేది. “ముప్పై ఏళ్లయింది తల్లీ నేను నవ్వి. ఆ రోజు కూడా నవ్వలేదు. నోరెందుకు తెరిచానో తెలుసా? ఆయనన్న మాటకి గుండె జారిపోయి తెరిచాను,” అంది.

ఇసాబెలీనో స్టూలు వేశాడు. నేను తెరెరె కలిపాను. మా దగ్గర తాగడానికి ఒకే కొమ్ము గ్లాసు, ఒకే గొట్టం, గుండ్రంగా కూర్చున్నవాళ్లందరికీ వరసగా తిరుగుతుంది. తాగి మాట్లాడకుండా వెనక్కివ్వాలి. ‘గ్రాసియాస్’ అని ధన్యవాదం చెప్పావంటే ఇక చాలు, నన్ను వదిలేయండి అని అర్థం. కొమ్ము చేతికివ్వగానే ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

“ఏం పెద్దమ్మా, చేదెక్కువైందా?”

“కాదమ్మా. మా ఊళ్లో నాకెవరూ ఇవ్వరు. నా దాకా వచ్చేసరికి కొమ్ము పక్కకి తిరుగుతుంది.”

ఆ తర్వాత చెప్పింది. వాళ్ల ఊరు ఇక్వా హూ. ముప్పై కుటుంబాలు కలిసి సంఘం పెట్టుకుని, ఎవరి సాయం లేకుండా పలుగూ పారా పట్టుకుని బావి తవ్వుకున్నాయి. అది తెలిసి ప్రభుత్వం వాళ్లు కెమెరా తీసుకుని ప్రారంభోత్సవానికి వచ్చారు. కోరొనెల్ అనిసేతోకి ఒక చీటీ ఇచ్చి, మైకులో ఈ ముక్క చదవమన్నాడు: ‘ఈ బావి మనం కట్టుకున్నాం.’

మాకు ‘మనం’ వేరు, ‘మేం’ వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే ‘న్యాందె’, బయట నిలబెడితే ‘ఓరె’. పాలిచ్చే తల్లి దగ్గరే నేర్చుకుంటాం, పొరపాటున కూడా ఒకదాని బదులు ఒకటి అనం. స్పానిష్ వాళ్లకా తేడా లేదు, రెండింటికీ ఒకటే మాట.

“ఆయన చీటీ చదివాడో, ఇంకోటి అన్నాడో, అక్కడున్న వాళ్లందరికీ తెలుసు,” అంది ఉస్తాకియా. “సినిమా హాల్లో వేసినప్పుడు ఆయన గొంతు తీసేశారు. స్పానిష్‌లో ఎవడో ‘ప్రభుత్వంతో కలిసి కట్టుకున్నామంటున్నాడు ఈ రైతు’ అని అరిచాడు. ఇంకో మూడు వారాలకి సైనికులొచ్చి ఆయన్నీ ఇంకో నలుగుర్నీ ఎత్తుకుపోయారు. రెండేళ్లకి ఆ నలుగురూ వచ్చారు. ఒకడికి చెయ్యి లేదు, ఒకడికి మతి లేదు. మా ఆయన రాలేదు. ఎందుకు రాలేదు? వాళ్లతో ‘మనం’ అన్నవాడు కదా, మనవాళ్లని అమ్మేసి ఏరు దాటి అర్జెంటీనాలో దర్జాగా ఉన్నాడన్నారు. నన్ను ‘మనం’ గాడి పెళ్లాం అన్నారు. ముప్పై ఏళ్లు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇప్పుడు నీ డిస్కొచ్చింది. ఇప్పుడా పేరు కూడా లేదు. ‘ఏం ఉస్తాకియా, కోరొనెల్ ఎప్పుడొస్తున్నాడు తీసుకెళ్లడానికి?’ అంటున్నారు.”

నాకు తల కొట్టేసినట్టయింది.

“క్షమించు పెద్దమ్మా, ఆ ముక్క తీసేస్తాను,” అన్నాడు ఇసాబెలీనో.

“తీసేసి ఏం చేస్తావు? అందరూ చూశారు. నీకు మూతులు చూసి మాట చెప్పడం వచ్చంట కదా, నిజమేనా? అయితే ఆయనేమన్నాడో నువ్వే చూసి చెప్పు. నేను చెప్పను. నేను చెబితే పెళ్లాం మాట అంటారు.”

వాడు శబ్దం ఆపేసి ఆ ముక్క వేశాడు. వెనక్కి తిప్పాడు, మళ్లీ వేశాడు. పదిహేనోసారికో ఇరవయ్యోసారికో చెయ్యి ఆగిపోయింది. నేను వాడి మొహం చూశాను. రంగు పోయింది.

“‘న్యాందె’ అంటే పళ్లు కనపడాలి. ఇక్కడ పెదాలు గుండ్రంగా చుట్టుకున్నాయి. పక్క మాటకి మళ్లీ గుండ్రం. ‘ఓరె’ అన్నాడు పెద్దమ్మా. ‘ఈ బావి మేం కట్టుకున్నాం’ అన్నాడు.”

ఉస్తాకియా కళ్లు మూసుకుంది. ముప్పై ఏళ్లలో ఆ మాట ఇంకొకరి నోట వినడం ఆవిడకి అదే మొదలు. కన్నీళ్లు గడ్డం కింది ముసుగు అంచు మీదకి కారుతున్నా తుడుచుకోలేదు.

ఆవిడ వెళ్లాక నేను ఊరుకోలేకపోయాను. “ఒరే, అంత చూసి మాటలు పెట్టేవాడివి కదా, జోకు అతికేటప్పుడు ఆ గుండ్రం నీకు కనపళ్లేదూ?”

వాడు బల్ల కేసి చూస్తూ అన్నాడు. “కనపడిందక్కా. అందుకే ‘కోరొనెల్’ అని పెట్టాను. మొదట ‘కో’, తర్వాత ‘రో’. సరిగ్గా సరిపోయింది.”

ఆ రోజు తర్వాత వాడు అన్నం సరిగ్గా తినలేదు. ఉస్తాకియా మళ్లీ వచ్చి, తమ ఊరి చర్చి పండగ నాడు వచ్చి అందరి ముందు చెప్పమంది. వాడు కాదనలేదు. జోకు చెరిపేసి, ఆ రైతు నోటికి అసలు మాట అతికాడు. ఏ గొంతూ మార్చకుండా తన సొంత గొంతుతో చెప్పాడు. ‘ఈ బావి మేం కట్టుకున్నాం.’ అంతే. నేను కుండ పిల్ల దగ్గర ఏమీ అనలేదు.

పండగ నాడు టీవీ మోసుకుని బస్సెక్కాం. మా కర్మ, ఆ బస్సులోనూ ఆవు సినిమాయే. తెర మీద ఉస్తాకియా నా గొంతుతో కిలకిలమంది. బస్సంతా ఘొల్లుమంది. మా పక్క సీటాయన కర్రపెండలం ముక్క నములుతూ ఇసాబెలీనో తొడ మీద చరిచి, “చూశావా, మనవాడే చేశాడంట ఇది! స్పానిష్ వాళ్లకి చేతనవుతుందా ఇట్లాంటిది? మనవాడు!” అన్నాడు. ఇసాబెలీనో కిటికీ వైపు తిరిగాడు.

ఇక్వా హూలో ప్రార్థన అయ్యాక చర్చి వసారాలో బల్ల మీద టీవీ పెట్టాం. జున్ను రొట్టెలు తింటూ ఊరంతా చేరింది. ఉస్తాకియా ఇంటి నుంచి తన కుర్చీ తనే తెచ్చుకుని ఒక పక్కగా కూర్చుంది. ఆవిడకి అటూ ఇటూ రెండేసి గజాలు ఖాళీ. ముందు వరసలో ప్రుదెన్సియో అనే ముసలాయన, అనిసేతోకి పెదనాన్న కొడుకు, తెరెరె కొమ్ముతో కూర్చున్నాడు.

ఇసాబెలీనో లేచి, “పాత రీల్లో ఆయన నిజంగా అన్న మాట ఇది. ఇందులో హాస్యం లేదు, వినండి,” అన్నాడు.

హాస్యం లేదు అనగానే ఎవరో కిసుక్కుమన్నారు. “నోరొచ్చాడ్రోయ్!” అని ఇంకెవరో అరిచారు. వాడు బొమ్మ వేశాడు. రైతు నోరు తెరిచాడు. ఇసాబెలీనో గొంతు వినిపించింది. ‘ఈ బావి’ అన్నంత వరకే వినిపించింది. ఆ తర్వాతంతా నవ్వులే. పొట్టలు పట్టుకుని నవ్వారు. పదేళ్లుగా ఆ గొంతు వింటే నవ్వడం అలవాటైనవాళ్లు, వాళ్లని అని ఏం లాభం? వాడు మళ్లీ వేశాడు. ఇంకా ఎక్కువ నవ్వారు. “ఆవేదీ? ఆవునెక్కడ దాచావు?” అన్నారు.

వాడు చేతులు రెండూ వేలాడేసుకుని నిలబడిపోయాడు. నేను లేచి నాలుగు తిట్లు తిట్టబోయాను. నా గొంతు విన్నా నవ్వుతారని గుర్తొచ్చి కూర్చున్నాను. అంత నరకం నేనెన్నడూ ఎరగను.

“గొంతు తీసెయ్ నాయనా,” అంది ఉస్తాకియా, కూర్చున్న చోటి నుంచి. “ఉత్త బొమ్మ వెయ్యి. ఆపకు.”

శబ్దం లేకుండా బొమ్మ తిరిగింది. నల్ల కళ్లద్దాలు, మైకు, బక్క రైతు, నోరు. మళ్లీ. మళ్లీ. నవ్వులు ఒక్కొక్కటే తగ్గాయి. అందులో ఉన్నది ఎవరో ముసలివాళ్లు గుర్తుపట్టసాగారు. “అది మా నాన్న,” అని ఒకామె తెర మూల చూపించింది. “అనిసేతో పక్కన ఉన్నది ప్రుదెన్సియో కాదూ?” అన్నారెవరో. అవును. భుజం భుజం ఆనించి నిలబడి ఉన్నాడు, జుట్టంతా నల్లగా.

మాట్లాడే మూతిని ఊరికే చూస్తూ ఉంటే చూసేవాళ్ల మూతి కూడా కదులుతుంది. ఇసాబెలీనో జనం వైపు తిరిగి వాళ్ల నోళ్లు చూస్తున్నాడు. నేనూ చూశాను. ఒకరి తర్వాత ఒకరు పెదాలు గుండ్రంగా చుడుతున్నారు. అందరికన్నా ముందు చుట్టినవాడు ప్రుదెన్సియో. ఆయన తెర వంక చూడనే లేదు, నేల చూస్తున్నాడు. అయినా సరిగ్గా ఆ క్షణానికే ఆయన పెదాలు ‘ఓరె’ అన్నాయి.

“ఆయనకి తెలుసక్కా,” అన్నాడు ఇసాబెలీనో నా చెవిలో. “చూడకుండానే అంటున్నాడు.”

ఉస్తాకియాకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. “బావగారూ,” అంది. “మీరు పక్కనే ఉన్నారు. ఏమన్నాడు?”

వసారాలో రొట్టె నమిలే చప్పుడు కూడా ఆగింది. ప్రుదెన్సియో తలెత్తాడు.

“మేం అన్నాడమ్మా.”

“ఆ రోజు విన్నారా?”

“విన్నాను. అందరం విన్నాం. వాడు చీటీ మడిచి జేబులో పెట్టుకుని మేం అన్నాడు.”

“మరి ముప్పై ఏళ్లు?”

“ఎట్లా చెప్పను?” అన్నాడు ముసలాయన. “వాడు మేం అన్నాడని ఒప్పుకుంటే, ఆ మేం ఎవరెవర్రా అని అడిగేవాళ్లు. అందులో నేనున్నాను. నా తమ్ముళ్లున్నారు. వాడు మనం అన్నాడంటే వాడొక్కడితో పోతుంది. తర్వాత జనరల్ పోయాడు, భయం పోయింది. అప్పటికి సిగ్గు పట్టుకుంది. ఏ మొహం పెట్టుకుని చెప్పేది?”

ఉస్తాకియా లేచి ఆయన ముందుకొచ్చింది. చెయ్యి చేసుకుంటుందేమో అనుకున్నాను. చేసుకున్నా తప్పులేదని కూడా అనుకున్నాను.

“ఆ మేంలో నేను లేనా బావగారూ?” అంది.

ఆయన ఒళ్లో ఉన్న కొమ్ములో కూజా నుంచి చల్లటి నీళ్లు పోసి, రెండు చేతులతో ఆవిడకి అందించాడు. ఆ ఊళ్లో ఆవిడ ముందుకి కొమ్ము రావడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి. అందరూ చూస్తున్నారు. ఇసాబెలీనో చూస్తున్నాడు. తర్వాతెప్పుడూ వాడు ఎవరి నోట్లోనూ మాట పెట్టలేదు. ఇప్పుడు రేడియోలే బాగుచేస్తాడు, ఇంకా మిగిలిన పాతవాటిని.

ఆవిడ కొమ్ము అందుకోలేదు.

“గ్రాసియాస్ బావగారూ,” అంది. తన కుర్చీ తీసుకుని ఇంటికెళ్లిపోయింది.